ఈదమ్మ విచలనం

మొయినుద్దీన్ సారు ఇచ్చిన ప్రశ్న చిన్నదే:
ఏదైనా కొలువండి, ముప్పైకి తగ్గకుండ.
సగటు తీయండి, ప్రామాణిక విచలనం తీయండి,
ఒక సంభావ్యత చెప్పండి. అయిదు మార్కులు.

మాధురి దేవరకొండ బస్సు ఆలస్యం కొలిచింది,
ఇంకొకామె హాస్టల్ చెప్పుల సైజులు.
నేను నల్లగొండ బత్తాయి మార్కెట్ల
కాలేజీకి ముందు కాయ ఏరుత.
నాకు ఇంకేం దొరుకుతయి,
కాయలే.

పెద్దకాయంటే రెండు వందల గ్రాములు.
ఏరేటోళ్లకు కాంటా ఇయ్యరు.
అరచెయ్యే కాంటా.
ఈదమ్మది ముప్పై ఏండ్ల కాంటా,
నాది మొన్న ఎండకాలం సెలవులల్ల మొదలైంది.

ఆమె నింపిన పెట్టెల నుంచి నలభై,
నా పెట్టెల నుంచి నలభై,
కిరాణం దుకాణపాయన త్రాసు బదులడిగి తెచ్చి
ఒక్కొక్కటే పెట్టి రాసుకున్న,
తొడిమ కున్న ఆకు తెంపి మరీ.

నా సగటు సరిగ్గ రెండు వందలు.
ఆమెది నూటతొంభైతొమ్మిది.
సగటునే అడిగితే
ఈదమ్మకంటె నేనే మేలన్నట్టు.
రెండు నిమిషాలు సంబురపడ్డ.

తర్వాత తేడాలు తీసి, వర్గాలు చేసి,
కూడి, భాగించి, మూలం తీస్తే
నాకు ఇరవైనాలుగు వచ్చింది,
ఆమెకు ఆరు.

అంటే నా కాయల్ల ఒకటి నూటయాభైఅయిదు,
ఇంకొకటి రెండువందల నలభై.
నా తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకొని
నాకు మంచిపేరు తెచ్చినయి.
గ్రాఫు గీస్తే ఆమెది
లతీఫ్ సాబు గుట్ట లెక్క నిక్కి నిలవడ్డది,
నాది బోర్లేసిన గంప.

చెప్పడం మరిచిన.
ఆమెకు ముప్పైతొమ్మిది కాయలే లెక్కేసిన.
నలభయ్యోది నూటఅరవైఎనిమిది తూగింది.
పక్కకు పెట్టిన.

ఇగ సంభావ్యత.
నూటఅరవైఎనిమిది, అంతకంటె తక్కువ కాయ
పెద్దకాయల్ల పడే అవకాశం ఎంత?
నా చేతికైతే ముప్పైరెండు దూరం,
ఇరవైనాలుగుతోని భాగిస్తే
ఒకటి పాయింట్ మూడు మూడు.
పట్టికల చూస్తే వందకు తొమ్మిది.
ఆమె చేతికి ముప్పైఒకటి దూరం,
ఆరుతోని భాగిస్తే అయిదు దాటింది.
పుస్తకం ఎనుకున్న పట్టిక మూడు కాడనే ఆగిపోయింది.
దాని కింద ఎవరో సీనియర్ పెన్సిల్‌తోని
మెస్సు బిల్లు కూడుకున్నది.

పట్టికల లేని కాయ
బల్ల మీద నా ముందర ఉన్నది.

తెల్లారి అడిగిన.
ఈదమ్మ కొంగుతోని చేతులు తుడుచుకుంట అన్నది:
"అది నా చెయ్యి తప్పు గాదు బిడ్డా.
మొగులయ్య పెట్టెకు ఒక్క కాయ తక్కువ పడ్డది.
నిండని పెట్టెను సేటు
చిన్నకాయల కింద కడుతడు.
చేతికి ఎరికే. ఎరికయ్యే ఏసిన."

చలించడం నుంచే కద విచలనం వచ్చింది,
సారు మొదటి రోజే బోర్డు మీద రాసిండు.
నేను అప్పుడు రాసుకోలే.

నలభై కలిపి మళ్ల చేసిన.
ఆరు కాస్త ఏడున్నర దాటింది.
కాయితం ఎనుకకొచ్చినప్పుడు
ఆ ఒక్క అంకె చుట్టు ఎర్రసిర సున్న,
అంచున సారు రాత:
"ఈ విలువ నమ్మదగినదేనా? మళ్లీ తూచి చూడు."

మూడున్నర మార్కులు.

మళ్ల తూచేటందుకు కాయ లేదు సారూ.
ఆ పొద్దే దాన్ని మొగులయ్య పెట్టెల ఏసి
మూతకు మేకు కొట్టింది
నేనే.